ఎవారిస్తో కకావ్ అడిగిన ఏడు

మా అత్తగారింట్లో చావుకున్న మర్యాద జబ్బుకు లేదు. పోయినవాళ్ళ పటాలు హాలు నిండా ఉంటాయి, రోజూ వాటికి దుమ్ము దులుపుతారు. జబ్బుపడ్డవాణ్ణి మాత్రం "కాస్త నడుం వాల్చు, అదే పోతుంది" అంటారు. అందుకే ఆ ఏడు ఈస్టరు ముందరి తపస్కాలంలో మా ఆయన ఎవారిస్తో కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోవడం మొదలైతే, ముందు నేరం వీధి తలుపు తాళం మీద పడింది.

ఆ తాళంచెవి జానెడు పొడుగుంటుంది. విభూది బుధవారం నాడు గుడి నుంచి నుదుటి మీద బూడిదతో వచ్చి, ఎవారిస్తో దాన్ని తిప్పబోయాడు. తిరగలేదు. ఎడమచేత్తో తిప్పాడు, తిరిగింది. "తాళం తుప్పు పట్టిందిరా" అంది మా అత్తగారు దోన్యా ఎర్సీలియా. మర్నాడు నూనె పోయించింది. ఆ వారమంతా తాళం నూనె తాగుతూనే ఉంది, చెయ్యి ఇంకాస్త వాలుతూనే ఉంది. అతను బడిలో డ్రాయింగ్ మాస్టారు. సుద్దముక్క ఎడమచేతికి మారింది, బోర్డు మీద గుండ్రాలు కోడిగుడ్లయ్యాయి, పిల్లలు నవ్వారు.

నేను బ్వేనవెంతూరా రేవు పిల్లని. మా నాన్న చేపల పడవలకు మంచుగడ్డలు అమ్మేవాడు. నా గురించి ఎవరడిగినా మా అత్తగారు "పిల్ల మంచిదే, కాస్త సముద్రం వాసన" అంటుంది. ఆవిడ రక్తం మాత్రం శుభ్రమైనదట. స్పెయిన్‌లో బయల్దేరి, ఎక్కడా దిగకుండా, తిన్నగా పొపయాన్‌లోని ఈ సున్నం గోడల ఇంటికి వచ్చిందట. దారిలో ఎవరింట్లో మంచినీళ్ళు తాగిందో మాత్రం ఎవరూ చెప్పరు.

తపస్కాలం చివర పవిత్ర వారంలో మా ఊళ్ళో స్వరూపాలను వేదికల మీద పెట్టి ఎనిమిదేసి మంది భుజాల మీద ఊరేగిస్తారు. మోత కొయ్య తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. మా ఇంట్లో ఆస్తి ఎప్పుడో హరించుకుపోయింది, కొయ్య మిగిలింది. దుఃఖమాత స్వరూపం, ముందువరస, కుడివైపు కొయ్య ఎవారిస్తోది. ఏళ్ళ తరబడి మోసిన భుజం మీద గుడ్డంత కాయ కాసింది. ఇంటికి కొత్తవాళ్ళెవరైనా వస్తే మా అత్తగారు కొడుకు చొక్కా కాలరు తనే పక్కకి జరిపి ఆ కాయ చూపించేది. నేను కాఫీ కప్పులు పెడుతూ పక్కకి చూసేదాన్ని.

కాబట్టి తాళం నిర్దోషి అని తేలాక నేరం ఆ కాయకి దక్కింది. తేల్చినవాడు లిసాంద్రో. ఎవారిస్తో చిన్నాన్న కొడుకు, ఊళ్ళో డాక్టరు, అదే వేదిక కింద వెనకవరస మోతగాడు. వచ్చి, మణికట్టు వైపు కన్నెత్తి చూడకుండా, భుజం మీది కాయను మామిడిపండు చూసినట్టు నొక్కి చూశాడు.

"మోతగాడి భుజం, పెద్దమ్మా" అన్నాడు. "కొయ్య నరాన్ని నొక్కేసింది. ఇది జబ్బు కాదు, బహుమానం."

మా అత్తగారి కళ్ళు తడిశాయి.

"వాలింది మణికట్టు కదా లిసాంద్రో, నువ్వు భుజం పిసుకుతావేంటి?" అన్నాను.

"నరం భుజంలోంచే కదా వదినా దిగేది. నీకు చేపలు తెలిసినట్టు నాకు నరాలు తెలుసులే."

"చేపకి తల పుచ్చిందో తోక పుచ్చిందో మేం వాసన చూసి చెబుతాం. నువ్వు అదీ చూడలేదు."

ఎవారిస్తో నవ్వాడు. లిసాంద్రో నవ్వలేదు. భుజంలోకి కార్టిజోన్ సూది గుచ్చి, పది రోజుల్లో తాళంచెవి కాదు, కోట తలుపులు తిప్పుతావన్నాడు. పది రోజుల్లో వేళ్ళు కూడా వాలాయి. చెంచా పట్టుకోవడం పోయింది, చొక్కా బొత్తాలు నేను పెట్టడం వచ్చింది. లిసాంద్రో మందు సరిపోలేదని ఇంకో సూది పొడిచాడు. ఆ తర్వాత ఎడమపాదం పైకి లేవడం మానేసింది. రాతి వరండాలో అతను నడుస్తుంటే చెప్పు టప్పున నేలని కొట్టేది.

"మరి కాలితో కూడా కొయ్య మోశాడా?" అని అడిగాను.

"చెయ్యి నొప్పికి నడక మారుంటుంది వదినా."

"నొప్పెక్కడుంది? నొప్పే లేదు. గిల్లితే తెలుస్తుంది, సూది గుచ్చితే తెలుస్తుంది. బలం ఒక్కటే లేదు."

లిసాంద్రో మూడో సూది తీశాడు. తెలియదు అనే ముక్క నోట్లోంచి రాని డాక్టర్లను చాలామందినే చూశాను గానీ, ఇతగాడి ముందు వాళ్ళంతా దిగదుడుపే.

చివరికి ఎవారిస్తోని నేనే బస్సెక్కించి కాలీ నగరానికి తీసుకెళ్ళాను. అక్కడొక పెద్ద డాక్టరు, గోడ నిండా పట్టాలు. ఎవారిస్తో ముంజేతి చర్మం కింద కండ దానంతటదే అదురుతుండేది. ఆయన దాన్నే కాసేపు చూశాడు. కదలికలు నడిపే నరాలు చచ్చిపోతున్నాయని, దీనికి మందు లేదని, రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళని చెప్పాడు. లాంఛనంగా ఒక కరెంటు పరీక్ష కూడా చేయించమని, దానికి ఇంకో డాక్టరమ్మ పేరు చెప్పాడు. తిరుగు బస్సులో ఎవారిస్తో కిటికీలోంచి చెరుకుతోటలు చూస్తూ కూర్చున్నాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను. తిరిగి పట్టుకునే బలం ఆ చేతికి లేదు. ఆ రోజు నాకు కలిగినంత భయం జన్మలో ఎప్పుడూ కలగలేదు.

ఇంటికొచ్చి చెప్పాం. మా అత్తగారు ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, కాదనను. కానీ సాయంత్రానికల్లా లేచి, చావులకు వేసుకునే తన నల్ల లేసు ముసుగు తీసి ఇస్త్రీ చేయించింది. మర్నాటి నుంచి మా ఇల్లు తిరునాళ్ళయింది. చెయ్యి వాలినన్నాళ్ళు ఒక్కడూ తొంగిచూడలేదు. చచ్చిపోతాడనగానే వీధి వీధంతా కదిలింది. ఆడవాళ్ళు వేరుశనగ ముద్ద కూరి వేయించిన ఎంపనాదలు పళ్ళేలకెత్తి తెచ్చారు. మగవాళ్ళు సోంపు సారా తాగి, ఎవారిస్తో వాలిన చేతిని ముద్దు పెట్టుకుని, "ఇలాంటి భుజం మళ్ళీ పుట్టదు" అని ముక్కులు చీదారు. లిసాంద్రో అందరికంటే గట్టిగా ఏడ్చాడు. మూడు సూదుల సంగతి ఎవరూ ఎత్తలేదు, అతను అసలే ఎత్తలేదు.

మా అత్తగారు ఇరవయ్యేళ్ళు చిన్నదైపోయింది. హాలు మధ్య కూర్చుని, "నా కొడుకు దుఃఖమాత కొయ్య కిందే నిలబడి మీ అందరికీ వీడ్కోలు చెబుతాడు" అని ప్రకటించింది. ఆ మాటకి హాలంతా నిట్టూర్చింది. మంచి నాటకం దొరికిన ఊరు అలాగే నిట్టూరుస్తుంది.

నన్ను మండించింది వీళ్ళు కాదు. వీళ్ళ సంగతి నాకు తెలిసిందే. ఎవారిస్తోకి కూడా ఇది నచ్చింది, అదీ నా మంట. వంటింట్లో బెల్లం నీళ్ళు కాస్తూ అడిగాను.

"నిజంగానే మోస్తావా?"

"ఒక్క వీధి. చివరిసారి."

"కాలీడ్చుకుంటూనా?"

"ఈడుస్తూ మోస్తే ఇంకా గొప్పగా చెప్పుకుంటారు."

"పడితే?"

"పడితే అక్కడే పోతాను. అంతకంటే మంచి చావు ఎవడికి దొరుకుతుంది చెప్పు."

"వేదిక మిగతా ఏడుగురి మీద కూలుతుంది. వాళ్ళక్కూడా మంచి చావేనా?"

అతను కప్పుని రెండు చేతుల మధ్యా ఇరికించి పట్టుకుని తాగాడు. కొంచెం గడ్డం మీద కారింది, నేను తుడిచాను.

"భయంగా ఉంది నోహేమీ" అన్నాడు. "వీళ్ళంతా వచ్చి పొగుడుతుంటే కాసేపు మర్చిపోతున్నాను. నువ్వు ఊరికే నిజం చెబుతావు, నాకు మళ్ళీ గుర్తొస్తుంది."

 బెల్లం నీళ్ళు ఇంకో కప్పు పోశాను.

కరెంటు పరీక్ష అనవసరమని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. "పోయేవాణ్ణి పోనివ్వకుండా ఆ కరెంటు షాకులేంటమ్మాయ్" అంది మా అత్తగారు. "మీకు రోజూ వచ్చే జనం ఒక్కరోజు తగ్గితే నష్టం లేదులెండి అత్తయ్యా" అని అతన్ని బస్సెక్కించాను.

డాక్టర్ యమీలే రియాస్కోస్ పొట్టి మనిషి. పట్టాలు గోడకి పెట్టుకోలేదు, గోడ మీద చోటంతా తీగలే. మాట్లాడకుండా మొదలుపెట్టింది. మణికట్టు దగ్గర కరెంటు తగిలిస్తే ఎవారిస్తో చిటికెనవేలు చేప ఎగిరినట్టు ఎగిరింది. మోచెయ్యి దగ్గర అదే నరానికి తగిలిస్తే వేలు కదిలీ కదలనట్టు కదిలింది. మళ్ళీ మణికట్టు, ఎగిరింది. మళ్ళీ మోచెయ్యి, కదల్లేదు. ఇంకో నరం చూసింది, కాలు చూసింది. ఎవారిస్తో పళ్ళ బిగువున కూర్చున్నాడు. ఆవిడ ఈల వేయడం మొదలుపెట్టింది.

"ఎవరన్నారు నరాలు చచ్చిపోయాయని?" అంది. "చచ్చిన నరం ఇలా ఎగరదు. ఇక్కడిదాకా బాగుంది, అక్కడి నుంచీ బాగుంది. మధ్యలో దారి మూసుకుపోయింది. స్పర్శ అదే దారిలో హాయిగా పోతోంది, కదలిక ఒక్కటే ఆగిపోతోంది."

"భుజం దగ్గర నొక్కుకుందేమో డాక్టర్‌గారూ" అన్నాడు ఎవారిస్తో, ఆశగా. ఆ ఆశ చూసి నాకు ఒళ్ళు మండింది.

"భుజానికేం, దున్నపోతు భుజం. అడ్డం ముంజేతిలో ఉంది, పిక్క పైన ఉంది. అక్కడ మీరేమీ మోయలేదు కదా. సూదులేమైనా వేయించుకున్నారా?"

"కార్టిజోన్" అన్నాను. "మూడు."

"వేశాక?"

"వేళ్ళు వాలాయి. తర్వాత కాలు."

ఆవిడ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది. తిట్టు నోటిదాకా వచ్చి మింగిందని నాకు తెలిసింది.

"నరాల జబ్బులు కొన్నిటికి అది అమృతమే. ఈ జబ్బుకి మాత్రం అగ్నికి ఆజ్యం" అంది. "చాలా అరుదు ఇది. రోగాల మీదికి పోవాల్సిన ఒంటి కాపలా సొంత నరాల మీదే పడింది. కంచే చేను మేస్తోంది."

మా ఇంటి సంగతి ఈవిడకెలా తెలిసిందా అనుకున్నాను.

"ఇది చచ్చే జబ్బు కాదు. రక్తపరీక్షకి పంపిస్తాను గానీ ఫలితం కోసం ఆగేది లేదు. ఇప్పుడే మందు పడితే దారి తెరుచుకుంటుంది. ఆలస్యమైతే నరం లోపలి తీగ కూడా ఎండిపోతుంది, అప్పుడు నేనూ ఏమీ చేయలేను. వేలమంది ఇచ్చిన రక్తంలోంచి తీసే మందు ఇది. ఐదు రోజులు ఆసుపత్రిలో పడుకుని నెమ్మదిగా ఎక్కించుకోవాలి, ఆ తర్వాత నెలకోసారి. ఈ మందు ఊరికే దొరకదు. పవిత్ర వారం అని ఒకాయన రానన్నాడు, ఆయన వంతు మందు మంగళవారం నుంచి మీకిస్తాను. ఇది పోతే మళ్ళీ జూన్."

నాకు ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. ఎవారిస్తో వైపు తిరిగాను. అతని మొహంలో కనిపించింది సంతోషం కాదు, నామోషీ.

బస్సులో చాలాదూరం వచ్చాక అన్నాడు. "మరి అందరూ వచ్చి ఏడ్చి వెళ్ళారే."

"అయితే? ఏడుపులు తిరిగిచ్చేస్తానంటావా?"

"మంగళవారం నుంచి శనివారం దాకా ఊరేగింపులు, నోహేమీ. సరిగ్గా అవే రోజులు."

"అవును. సరిగ్గా అవే రోజులు" అన్నాను. ఇంకొక్క మాట మాట్లాడితే బస్సులోనే కొట్టేదాన్ని.

పవిత్ర వారం మొదలయ్యే మట్టల ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక దుఃఖమాత స్వరూపం పెత్తనం చూసే పెద్దమనిషి దోన్ క్రిసాంతో వచ్చాడు. వెంట లిసాంద్రో. ఎవారిస్తో వీడ్కోలు మోత ఎలా జరగాలో ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి. నేను కరెంటు పరీక్ష సంగతి, మందు సంగతి అప్పటికే చెప్పాను. విన్నవాళ్ళు లేరు.

"వేలమంది రక్తమా?" అంది మా అత్తగారు ఆ మాట ఒక్కటే పట్టుకుని. "ఎవరి రక్తం?"

"ఎవరిదో ఎవరికి తెలుసు అత్తయ్యా. బస్సు డ్రైవర్లది, జైలు వార్డర్లది, చాకలివాళ్ళది. రేవులో చేపలు కోసేవాళ్ళది కూడా ఉండే ఉంటుంది. అంతా ఒకే సీసాలో."

ఆవిడ మెడలో సిలువ పట్టుకుంది. "మూడొందల ఏళ్ళు కాపాడుకున్న రక్తం" అంది.

"కాపాడుకున్న రక్తమే కదా ఇప్పుడు అతన్ని కరుస్తున్నది."

లిసాంద్రో గొంతు సవరించుకున్నాడు. "వదినా, ఆ పరీక్షలు ఒక్కోసారి తప్పు చూపిస్తాయి. మందు ఎక్కడికీ పోదు. ముందు అన్నయ్య గౌరవం..."

"నువ్వు సూది తియ్యకు లిసాంద్రో, నాకదే పదివేలు."

దోన్ క్రిసాంతో చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు. ఆయన మాటలు ఎప్పుడూ ప్రసంగంలాగే ఉంటాయి. శుక్రవారం చివరి వీధిలో వేదిక ఆపుతారట. ఎవారిస్తోని అక్కడికి తీసుకొస్తారట. బరువంతా మిగతావాళ్ళు మోస్తారు, అతను కొయ్య కింద భుజం ఆనిస్తే చాలు. బాజా ఆగుతుంది, జనం మోకరిల్లుతారు. మా అత్తగారు కళ్ళు మూసుకుని అది చూసేస్తోంది. ఉరితీసే రోజు భోజనంలో ఏం కావాలని అడిగినంత మర్యాదగా ఆయన, "నీకు ఏ మూల నిలబడాలనుంది బాబూ?" అన్నాడు.

ఎవారిస్తో వాలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎడమచేత్తో ఆ వేళ్ళని ఒక్కొక్కటే చాపుతున్నాడు, వదిలితే అవి మళ్ళీ వాలుతున్నాయి.

మోత మధ్యలో భుజం దించేసినవాణ్ణి మా ఊళ్ళో 'కకావ్ అడిగాడు' అంటారు. చాక్లెట్ చేసే గింజలే కకావ్ అంటే. అలసిపోయి చేతులెత్తేయడానికీ గింజలకీ ఏమిటి సంబంధమో ఎవరికీ తెలియదు. కానీ ఆ మాట పడ్డవాడి మనవడికి కూడా కొయ్య దొరకదు. భుజం ఎముక విరిగినా పళ్ళు బిగించి ఇంటిదాకా మోసినవాళ్ళున్నారు గానీ, నోటితో ఆ మాట అన్నవాడి గురించి నేను వినలేదు.

"కకావ్ అడుగుతున్నాను దోన్ క్రిసాంతో" అన్నాడు ఎవారిస్తో.

లిసాంద్రో చిన్నగా నవ్వాడు, పరాచికం అనుకుని. ఇంకెవరూ నవ్వలేదు. దోన్ క్రిసాంతో కాఫీ కప్పు సాసర్లో పెట్టాడు, అది చప్పుడు చేసింది. మా అత్తగారు కళ్ళు తెరిచింది.

"ఏమన్నావురా?"

"మోయలేనమ్మా. కొయ్య ఎవరికైనా ఇవ్వండి." ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "బస్సు ఎన్నింటికి?"

చేతులెత్తేశాడని ఊళ్ళో ఆ సాయంత్రమే పాకింది. చేతులెత్తేయడానికైనా చెయ్యి లేవాలి కదా అని నేను ఎదురింటావిడతో అన్నాను. ఆవిడ శిలువ గుర్తు వేసుకుని తలుపేసుకుంది. మేం బయల్దేరుతుంటే ఒక్క ఎంపనాద రాలేదు.

కాలీలో ఐదు రోజులు చుక్క చుక్క చూస్తూ కూర్చున్నాను. మొదటిరోజు చలితో వణికాడు, తల పగిలిపోతోందన్నాడు, నర్సు వేగం తగ్గించింది. "ఈ చుక్క మీ నాన్నదే అయ్యుంటుంది, మంచులా ఉంది" అన్నాడు. మర్నాడు ఉదయం నర్సు ఫలహారం బండి తోసుకొచ్చి, కాఫీనా చాక్లెట్టా అంది. ఎవారిస్తోకి నవ్వు ఆగలేదు, సూది కదులుతుందని ఆవిడ కసిరింది. "చాక్లెట్టే ఇవ్వండమ్మా, నోరు తెరిచి అడిగినవాణ్ణి" అన్నాడు. శుక్రవారం సాయంత్రం వార్డు టీవీలో మా ఊరి ఊరేగింపు వచ్చింది. దుఃఖమాత ముందువరస కుడి కొయ్య కింద లిసాంద్రో. మొహం పవిత్రంగా పెట్టుకున్నాడు. ఎవారిస్తో కాసేపు చూసి, "అడుగు తప్పుతున్నాడు వెధవ" అని పక్కకి తిరిగి పడుకున్నాడు. దుప్పటి కింద ఏడ్చాడు. ఏడవనిచ్చాను. శనివారం పొద్దున బొటనవేలు లేచింది. డాక్టర్ యమీలే వచ్చి, చూసి, ఈల వేసుకుంటూ వెళ్ళింది.

ఈస్టరు ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చాం. హాలు నిండా ఆడవాళ్ళు, మోకాళ్ళ మీద. మంచి మరణాలిచ్చే పునీత జోజప్ప పటం ముందు కొవ్వొత్తి. కొడుక్కి మంచి మరణం ప్రసాదించమని మా అత్తగారు జపం పెట్టించింది. పరువు పోతే పోయింది, చావైనా సక్రమంగా జరగాలి కదా ఆవిడకి. మమ్మల్ని చూసి జపం ఆగింది. ఎవారిస్తో పాదం ఇంకా టప్పుమంటూనే లోపలికి వచ్చింది గానీ, మనిషి రంగు తేలాడు.

"ఎలా ఉన్నావు నాయనా?" అంది ఒకావిడ.

"బాగున్నానండీ. ఇంకా బాగవుతుందట."

 బండెడు ఏడుపు తెచ్చుకుని, పెళ్ళి విడిదికి వచ్చిపడ్డవాళ్ళలా చూసుకున్నారు ఒకరి మొహాలొకరు.

"మొదలుపెట్టిన జపం మధ్యలో వదలకూడదు" అంది మా అత్తగారు, అతని వైపు చూడకుండా. మళ్ళీ అందుకుంది.

నాకు అందరినీ వీధిలోకి నెట్టేయాలనిపించింది. ఎవారిస్తో అప్పటికే బల్ల మీది జపమాల తీసుకుని, వాళ్ళమ్మ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. తన మంచి చావు కోసం తనే జపం చేస్తున్నాడు. మాల కుడిచేతిలో ఉంది. బొటనవేలు పూసను నెట్టింది. చూపుడువేలు దాన్ని అందుకుంది. ఇంకో పూస. నిదానంగా, కానీ ఒక్కటీ జారలేదు.

మా అత్తగారికి మాల అక్కర్లేదు. పదేసి మంగళవార్త జపాల లెక్క నోటితోనే పెడుతుంది, ఎన్నడూ తప్పలేదని ఆవిడకి గర్వం. ఆ రోజు చెబుతూ చెబుతూ పక్కకి చూసింది. కొడుకు వేళ్ళు చూసింది. మంగళవార్త జపం సగంలో ఆగిపోయింది. వెనక ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆవిడ పెదాలు కదుల్తున్నాయి గానీ మాట రావడం లేదు.

"ఎన్నయ్యాయిరా?" అంది చివరికి.

"ఏడమ్మా" అన్నాడు ఎవారిస్తో, బొటనవేలు పూస మీద ఆపి. "ఇంకా మూడున్నాయి."